నగర్తపేట వాననీరు, నందికొండ వంకలు

బెంగళూరులో చదువుకొనే తెలుగు విద్యార్థులకు నది అనగానే కృష్ణ, గోదావరులే స్ఫురిస్తాయి. పాఠ్యపుస్తకాలు చేసిన అలవాటది. అయితే నెల్లూరు సీమను తడిపే పెన్న ఈ నగరానికి ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, నంది కొండల వరుసలోని చెన్నకేశవ కొండ దగ్గర సన్నని వంకగా పుడుతున్నది. 1478 మీటర్ల ఎత్తుగల నందికొండ చుట్టూ ఉన్న ఈ మిట్ట నుంచి నీళ్లు నాలుగు దిక్కులకూ చీలిపోతాయి. పెన్న, చిత్రావతి, పాపఘ్ని ఉత్తరానికి, పాలారు, దక్షిణ పినాకిని తూర్పు దక్షిణాలకు, అర్కావతి కావేరికి.

పెన్న పొడవు 597 కిలోమీటర్లు. అందులో కర్ణాటకలో సాగేది 61 మాత్రమే. గౌరిబిదనూరు దాటి హిందూపురం వైపు తిరగగానే అది తెలుగువారి ఏరు అవుతుంది. చిత్రావతి, పాపఘ్ని రెండూ కడప సీమలో మళ్లీ దానిలోనే కలుస్తాయి. ఒక్క కొండచుట్టు నుంచి విడివడిన నీళ్లు అంత దూరం వెళ్లి కలుసుకోవడం ఆలోచింపదగినది.

ఈ పేరును గురించి కొంత చెప్పవలసి ఉంది. తమిళంలో దక్షిణ పినాకినిని తెన్‌పెణ్ణై అంటారు. తమిళ కణ్, మణ్ తెలుగులో కన్ను, మన్ను అయినట్లే పెణ్ణై పక్కన మన పెన్న నిలుస్తుంది. మూర్ధన్య ణకారం తెలుగులో నకారం కావడం తెలిసిన సూత్రమే. పెన్న, ఏరు కలిసి పెన్నేరు అయింది. పినాకిని అన్నది శివుని విల్లయిన పినాకాన్ని తలపిస్తుంది గాని, పాత దేశ్యనామానికి తరువాత తొడిగిన సంస్కృత వేషమని మా అభిప్రాయం. దక్షిణ, ఉత్తర విశేషణాలు లేకుండా రెండు వేర్వేరు నదులను ఒకే పేరుతో పిలిచిన జనం ఈ మిట్ట ఇరువైపులా నివసించారనడానికి ఆ పేరే ఆధారం.

ఇక నగర్తపేట. 1537లో కెంపేగౌడ కట్టించిన కోట, పేటల ఊరు నీటి విభజన గట్టుకు చేరువగా వెలసింది. గట్టుకు పడమటి వాన వృషభావతి ద్వారా అర్కావతికి, తూర్పు వాన కోరమంగల లోయ మీదుగా బెళ్లందూరు, వర్తూరు చెరువులకు, అక్కడినుంచి దక్షిణ పినాకినికి పోతుంది. నగర్తపేట ధర్మరాయస్వామి గుడి కరగ ఉత్సవానికి సంబంధించిన సంపంగి చెరువు ఈ తూర్పు వాలులోనిదే. దాని అడుగున ఇప్పుడు కంఠీరవ క్రీడారంగం ఉంది. చెరువు పోయినా కరగ క్రతువు కోసం చిన్న కుంట ఒకటి మిగిల్చారు. ఊరి జ్ఞాపకశక్తికి అదైనా మేలే.

ఎత్తున ఉన్న ఊరికి నది లేదు గనుక చెరువులే ఆధారం. అవి చాలక 1896లో హెసరఘట్ట నుంచి అర్కావతి నీళ్లు, 1933లో తిప్పగొండనహళ్లి జలాశయం, 1974 నుంచి కావేరి నీళ్లు వచ్చాయి. ఈ లోగా కొండకు ఆవలి వారికి సంకెల పడింది. 1892లో మైసూరు, మద్రాసు ప్రభుత్వాల ఒడంబడిక పెన్న, చిత్రావతి, పాపఘ్ని, పాలారు, దక్షిణ పినాకిని నదులను పట్టికలో చేర్చి, మద్రాసు సమ్మతి లేకుండా మైసూరు వాటిపై కొత్త ఆనకట్టలు కట్టరాదన్నది. దిగువ రైతుకు అది రక్ష. ఎగువ రైతుకు అది అన్యాయంగానే తోచింది. ఇద్దరిలోనూ తెలుగువారున్నారన్నది మనం మరచిపోరాదు. కోలారు, చిక్కబళ్లాపురం పల్లెల్లో నేటికీ తెలుగు ఇంటి భాష.

ఇప్పుడు నీళ్లు వెనుదిరిగాయి. 2018 జూన్ నుంచి కోరమంగల-చెల్లఘట్ట లోయ మురుగునీటిని రెండు దశలు శుద్ధిచేసి కోలారు జిల్లా చెరువులకు ఎత్తిపోస్తున్నారు. మొదట నిండినది లక్ష్మీసాగర చెరువు. ఏళ్లుగా ఎండిన బోరుబావుల్లో నీళ్లు పైకి వచ్చాయని కొందరు రైతులు సంతోషిస్తే, మూడో దశ శుద్ధి లేనిదే ఆ నీరు భూగర్భ జలంలోకి ఇంకరాదని మరికొందరు కోర్టుకెక్కారు. మనం 'అలుగు' అనేదాన్ని రాయలసీమలో 'మరవ' అంటారు, కన్నడంలో 'కోడి'. కోలారులో చెరువు కోడి పారిందంటే ఊరంతా చూడడానికి వెళ్లేవారు. ఈసారి అలా వెళ్లినవారు చూసిన నీటిలో, గట్టుకు తూర్పున ఉన్న నగర ఇళ్ల కొళాయిల నుంచి జారిపోయిన కావేరి నీరు కూడా ఉంది.