క్యామ్ గుర్తును నమ్మనివాళ్ళు

మోటారుసైకిల్ ట్యూనర్ అనగానే మనకో మేస్త్రి కళ్ళముందు కదులుతాడు. ఇంజిన్ మీదికి చెవి వంచి, యాక్సిలరేటర్ రెండుసార్లు తిప్పి, లోపం ఎక్కడుందో చెప్పేస్తాడు. బుల్లెట్ బండి చప్పుడుకు అలవాటుపడ్డ మన ఊళ్ళలో అలాంటి మేస్త్రికి నాడి పట్టి చెప్పే వైద్యుడికున్నంత పేరుంటుంది. ఆ పేరు ఊరికే రాలేదు. ట్యాపెట్ వదులైందో, చైను జారిందో అనుభవమున్న చెవికి నిజంగానే తెలుస్తుంది. అయితే పెద్ద ఇంజిన్లను వేగానికి సిద్ధం చేసినవాళ్ళ వందేళ్ళ చరిత్ర తిరగేస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. క్యామ్ కట్టే పనిలో పేరు నిలిచినవాళ్ళు చెవిని నమ్ముకుని ఊరుకోలేదు, కొలిచారు. గేర్ల మీద ఫ్యాక్టరీ కొట్టి పంపిన చుక్కను నమ్మకపోవడంలోనే ఈ వృత్తి పుట్టిందని నా వాదన.

క్యామ్ చేసే పని చెప్పడానికి తేలిక. వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంత ఎత్తు లేవాలో, ఎప్పుడు మూసుకోవాలో దాని ఆకారమే నిర్ణయిస్తుంది. చిక్కంతా ఆ ఎప్పుడు దగ్గరే. ఇంజిన్ నిమిషానికి 8,000 చుట్లు తిరుగుతుంటే ఒక చుట్టుకు పట్టే కాలం సెకనులో వెయ్యో వంతులు ఏడున్నర. ఇన్‌లెట్ వాల్వు 280 డిగ్రీల పాటు తెరిచి ఉంటుందనుకున్నా, గాలీ పెట్రోలూ లోపలికి పోవడానికి అలాంటి వంతులు ఆరు కూడా దొరకవు. అందుకే పిస్టన్ అడుక్కి దిగి మళ్ళీ లేవడం మొదలుపెట్టాక కూడా ఆ వాల్వును కొంతసేపు మూయరు. ఊపుమీదున్న గాలి పిస్టన్‌కు ఎదురెళ్ళి మరీ ఇంకాస్త చొరబడుతుంది. మూయడం ఆలస్యమైతే తక్కువ వేగంలో వచ్చిన గాలి వచ్చిన దారినే వెనక్కి పోతుంది. తొందరపడి మూస్తే ఎక్కువ వేగంలో సిలిండర్ నిండదు. నాలుగైదు డిగ్రీలు అటూ ఇటూ అయితే ఇంజిన్ బలం పుట్టే వేగమే మారిపోతుంది. ఫ్యాక్టరీ గుర్తు మాత్రం వేల బండ్లకు సరిపోయేలా, కొంత తేడాను ముందే ఒప్పుకుని పెట్టింది. కీ కోసం గాడి కోసిన చోట కాస్త, గేరు పన్ను దగ్గర కాస్త, క్యామ్ అరగదీసేటప్పుడు ఇంకాస్త తేడా వస్తుంది. అవన్నీ ఒకే వైపు కూడిన ఇంజిన్ బజారుకు వెళ్ళిరావడానికి బాగానే పనికొస్తుంది. రేసులో వెనకబడుతుంది.

దీన్ని తొలినాళ్ళలోనే వ్యాపారంగా మార్చింది ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ ట్రాక్. 1907లో తెరిచిన ఆ ట్రాక్ దగ్గర, మొదటి ప్రపంచయుద్ధానికి కాస్త ముందు, డి.ఆర్. ఒడోనవన్ అనే ట్యూనర్ నార్టన్ కంపెనీ కోసం ఒక విచిత్రమైన ఏర్పాటు నడిపాడు. కంపెనీ పంపిన 490 సీసీ ఇంజిన్లను సరిచేసి, ఒక్కొక్కదాన్నీ ఒకే పాత ఛాసీకి బిగించి ట్రాక్ మీద పరుగెత్తించేవాడు. బీఎస్ అనే మోడల్ గంటకు 75 మైళ్ళు, బీఆర్‌ఎస్ 70 మైళ్ళు అందుకున్నాకే ధ్రువపత్రం రాసిచ్చేవారు. ఆ ఛాసీకి తర్వాత ‘ఓల్డ్ మిరకిల్’ అని పేరొచ్చింది. పేరులో మాయ ఉన్నా పనిలో మాయేమీ లేదు. ఛాసీ ఒకటే, ట్రాక్ ఒకటే, మారేది ఇంజిన్ ఒక్కటే కాబట్టి, చేసిన మార్పు పనిచేసిందో లేదో స్టాప్‌వాచీ చెప్పేస్తుంది. ఇంజిన్ బలం కొలిచే నేటి డైనో గదిలో జరిగే పనికి మూలం ఇదే అనిపిస్తుంది.

వెలొసెట్ కథ ఇంకా స్పష్టం. బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆ చిన్న కంపెనీ 348 సీసీ ఓవర్‌హెడ్ క్యామ్ ఇంజిన్ చేసి 1925 ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీకి దించింది. గట్టెక్కలేదు. ఇంజిన్ రూపొందించిన పెర్సీ గుడ్‌మన్ తిరిగే భాగాలను నిలిపి చూపించే స్ట్రోబోస్కోప్ వెలుగులో వాల్వులను పరీక్షించాడు. కాగితం మీద క్యామ్ ఏ దారి గీసిందో వాల్వు ఆ దారిన నడవడం లేదు. ఎక్కువ వేగంలో క్యామ్‌ను వదిలి ఎగురుతోంది. ఎంత గొప్ప చెవైనా దీన్ని చప్పుడులో ఏదో తేడాగానే వినగలదు, ఏ డిగ్రీ దగ్గర వదిలిందో చెప్పలేదు. క్యామ్ ఆకారం మార్చారు. 1926 జూనియర్ టీటీని అలెక్ బెనెట్ వెలొసెట్ మీద పది నిమిషాలకు పైగా తేడాతో గెలిచాడు.

ఈ విద్యను రహస్యాల్లోంచి బయటికి లాగి పుస్తకంగా రాసినవాడు ఆస్ట్రేలియన్ ఇంజినీరు ఫిల్ ఇర్వింగ్. విన్సెంట్ కంపెనీ 998 సీసీ వి-ట్విన్ వెనక ఉన్న మనిషి. ఇంగ్లిష్ మోటారుసైకిల్ పత్రికలో ఆయన పెట్టుకున్న కలం పేరు ‘స్లైడ్ రూల్’. లెక్కలు కట్టే బద్ద అన్నమాట. ఆయన రాసిన ‘ట్యూనింగ్ ఫర్ స్పీడ్’ తరాలపాటు వర్క్‌షాపుల్లో నూనె మరకలతో తిరిగింది. ఈ పని పద్ధతి ఒకసారి చూస్తే, కంటినీ చెవినీ ఎందుకు నమ్మకూడదో అర్థమవుతుంది. క్రాంక్ చివర 360 డిగ్రీలు గీసిన ప్లేటు బిగించి, వంచిన తీగముక్కను ముల్లుగా పెడతారు. మొదట పిస్టన్ అసలు పైకొస ఎక్కడో తేలాలి. అక్కడ క్రాంక్ కొన్ని డిగ్రీలు తిరిగినా పిస్టన్ కదిలినట్టే కనిపించదు, కంటికి పట్టుబడదు. అందుకని ప్లగ్ కన్నంలోంచి ఒక అడ్డు దించి, క్రాంక్‌ను ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి పిస్టన్ తగిలేదాకా తిప్పి, రెండు అంకెల మధ్య సగం తీసుకుంటారు. తర్వాత వాల్వు మీద డయల్ గేజ్ ఆనిస్తారు. వాల్వు లేవడం మొదలయ్యేది మరీ నెమ్మది కాబట్టి, మిల్లీమీటరు లేచినచోట అంకె రాసుకోవడమో, క్యామ్ నెత్తికి ఇరువైపులా సమానమైన ఎత్తుల దగ్గర చదివి మధ్యబిందువు పట్టడమో చేస్తారు. ఇందులో ఎవరికీ పుట్టుకతో వచ్చిన వరమేమీ లేదు, ఓపిక కావాలి. 1948 సెప్టెంబరులో అమెరికాలోని బోన్‌విల్ ఉప్పుమైదానంలో ఈత నిక్కరుతో విన్సెంట్ బండి మీద బోర్లా పడుకుని రోలీ ఫ్రీ గంటకు 150.313 మైళ్ళు అందుకున్న ఫోటో అందరికీ గుర్తుంటుంది. ఆ విన్సెంట్‌లో ప్రత్యేకమైన రేసు క్యామ్‌లున్నాయన్న సంగతి ఫోటోలో కనిపించదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి. న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్‌లో షెడ్డులో కూర్చుని, పాత డబ్బాల్లో పిస్టన్లు పోతపోసుకుని, 1920 నాటి ఇండియన్ స్కౌట్‌ను 1967లో గంటకు 180 మైళ్ళు దాటించిన బర్ట్ మన్రో మాటేమిటి? ఆయన దగ్గర ప్రయోగశాల లేదు, డిగ్రీ లేదు. 600 సీసీ ఇంజిన్‌ను 950 దాకా పెంచాడు, క్యామ్‌లు సొంతంగా చేసుకున్నాడు. చేతి విద్యకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కావాలి. మన్రో గురించి ఎక్కువగా చెప్పుకునే సంగతుల్లో ఒకటి, చక్రం పుల్లను మైక్రోమీటరుగా వాడాడని. పరికరం నాసిరకం కావచ్చు, అయినా అది పరికరమే. పాడైన భాగాలను వరసగా అల్మారాలో పేర్చి వేగదేవుడికి నైవేద్యాలని రాసిపెట్టుకున్నాడు. నా దృష్టిలో అది భక్తికన్నా ఎక్కువగా ప్రయోగాల చిట్టా. కొలత లేకుండా గెలవవచ్చని మన్రో కథ రుజువు చేయదు. ఖరీదైన కొలత లేకుండా గెలవవచ్చని మాత్రం చేస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. బలం పెంచేది బోరు, అంటే సిలిండర్ వెడల్పు; క్యామ్ ముచ్చట తర్వాత అంటారు. 1972లో వచ్చిన కవాసకి జడ్-1 బోరు 66 మి.మీ., 903 సీసీ. దాన్ని 70కి పెంచితే 1015 సీసీ, అంటే ఎనిమిదో వంతు ఇంజిన్ ఊరికే కలిసొచ్చినట్టు. నిజమే. కానీ పాత క్యామ్ అలాగే ఉంచితే అదే వాల్వు, అదే వ్యవధిలో ఇప్పుడు ఎక్కువ జాగా నింపాలి. దాంతో బలం తక్కువ వేగంలోనే శిఖరానికి చేరి, పైన ఊపిరాడక వాలిపోతుంది. బోరు పెరిగేకొద్దీ క్యామ్ చిన్నదవుతుందని ఈ పనిలోవాళ్ళు అనేది అందుకే. పైగా కంప్రెషన్ కోసం హెడ్ ఫేసింగ్ చేయిస్తారు. హెడ్ నుంచి మిల్లీమీటరు తీసేస్తే క్రాంక్‌కూ క్యామ్‌కూ మధ్య లాగుడు వైపు చైను పొడవు తగ్గి, క్యామ్ వెనకబడుతుంది. స్ప్రాకెట్ సైజును బట్టి క్రాంక్ లెక్కలో రెండు మూడు డిగ్రీలు. గుర్తులు మాత్రం చూడ్డానికి కలిసినట్టే ఉంటాయి! ఒక పన్ను జరిపి సరిచేద్దామంటే 30 పళ్ళ స్ప్రాకెట్‌కు పన్ను 12 డిగ్రీలు, క్రాంక్‌లో 24. ఎలుక కోసం ఇల్లు తగలబెట్టినట్టే. అందుకే బోల్టు కన్నాలను పొడుగ్గా సాగదీసిన స్ప్రాకెట్లు వచ్చాయి; వాటితో ఒక్కో డిగ్రీ జరపవచ్చు. జరిపాక వాల్వు పిస్టన్‌ను తాకదని నమ్మకానికి వదిలేయరు, పిస్టన్ మీద మెత్తని బంకమట్టి పెట్టి తిప్పి, పడిన అచ్చు మందం చూస్తారు.

అమెరికా సూపర్‌బైక్ రేసులు దీనికి బహిరంగ పరీక్ష అయ్యాయి. 1976లో మొదలైన ఆ పోటీల్లో తరగతి అప్పట్లో 1000 సీసీ దగ్గర ఆగేది. బోరు గెలిపిస్తుందన్నమాటే నిజమైతే పోటీ అక్కడే అయిపోవాలి. యుద్ధకాలంలో విమానాల ఇంజినీరుగా పనిచేసి, 1950ల్లో ఫుకువోకాలో అమెరికన్ సైనికుల బండ్లు సరిచేస్తూ పేరు తెచ్చుకున్న హిదేవో యోషిమురా, సుజుకి జీఎస్750 బోరును 65 నుంచి 73 మి.మీ.కు పెంచి 944 సీసీ చేశాడు. 1977లో లగూనా సేకా ట్రాక్‌లో ఆ బండి గెలిచింది, అదీ 1000 గిరికి ఇంకా లోపలే ఉండి. మరుసటి ఏడు మొదటి సుజుకా 8 గంటల రేసులో యోషిమురా జీఎస్1000 హోండా ఫ్యాక్టరీ జట్టును దాటి గెలిచింది. ‘పాప్’ అని పిలుచుకునే యోషిమురా చేతి మహిమ గురించి చాలా కథలున్నాయి, కొన్ని నిజమే కావచ్చు. కొలత ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది గానీ ఎక్కడ ఆపాలో చెప్పదు. ఆఖరి రెండు డిగ్రీలు రైడర్ మాటను బట్టి, మలుపుల తీరును బట్టి తేలేవే. అక్కడ అనుభవానికి చోటుంది, అంకెలు చేతిలో ఉన్నాక.

ఈ పనికి ఇక కాలం చెల్లిందనే మాట కూడా వినిపిస్తుంది. 2015లో డుకాటి, 2018లో బీఎండబ్ల్యూ నడుస్తుండగానే వాల్వుల పనితీరు మారే ఇంజిన్లు అమ్మకానికి పెట్టాయి. డుకాటి పద్ధతిలో క్యామ్ ఎక్కడుందో సెన్సారు చదివి చెబుతుంటేనే కంప్యూటరు దాన్ని ముందుకో వెనక్కో జరుపుతుంది. గుర్తును నమ్మకపోవడాన్ని ఫ్యాక్టరీయే బండిలో బిగించి పంపుతోంది. హెడ్ ఫేసింగ్ అయిన పాత జడ్-1కు ఆ సెన్సారు లేదు కాబట్టి, దానికి డిగ్రీ ప్లేటూ పొడుగు కన్నాల స్ప్రాకెట్లూ ఇవాళ్టికీ అమ్ముడవుతున్నాయి.