విశాఖ పురపాలన: చిన్న సంఘం నుంచి మహా నగరం వరకు

మనలో చాలామంది ఉద్యోగరీత్యా విశాఖపట్నం చేరి, ఇక్కడే ఇల్లు కట్టుకుని, ఇక్కడే రిటైరైన వాళ్ళం. ఏటా ఇంటి పన్ను కడుతున్నాం. కానీ మన ఊరిని పాలించే సంస్థ ఎలా పుట్టిందో, ఎలా పెరిగిందో తెలిసినవారు తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

1858లో ఊరి బాగు కోసం స్వచ్ఛందంగా ఏర్పడిన ఒక సంఘంతో ఈ కథ మొదలైంది. 1865 నాటి మద్రాసు చట్టం వచ్చాక అది మునిసిపాలిటీ అయింది. పొరుగునున్న భీమునిపట్నం అంతకు ముందే, 1861లోనే, మునిసిపాలిటీ అయింది. అప్పట్లో భీమిలి పేరున్న రేవు.

తరువాత విశాఖ దశ తిరిగింది. 1933లో హార్బరు, 1941లో నౌకా నిర్మాణ కేంద్రం, 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చాయి. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. పని ఉన్నచోటికి జనం వస్తారు. జనం వచ్చినచోట నీళ్ళు, దీపాలు, మురుగు కాలువలు కావాలి. 1979లో మునిసిపాలిటీ కార్పొరేషన్ అయింది. 1981లో తొలి ఎన్నికలు జరిగి ఎన్.ఎస్.ఎన్. రెడ్డి గారు మేయరయ్యారు.

2005లో గాజువాక మునిసిపాలిటీని, 32 గ్రామాలను కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. సుమారు 111 చదరపు కిలోమీటర్ల ఊరు 540 దాకా పెరిగింది. 2007లో 72 వార్డులకు ఎన్నికలు జరిగాయి. 2011 లెక్కల ప్రకారం జనాభా 17 లక్షల 28 వేలు. అంటే ఒక్కో కార్పొరేటరుకు సగటున 24 వేలమంది!

అసలు చెప్పవలసింది ఇక్కడే ఉంది. ఆ పాలకవర్గం గడువు 2012లో ముగిసింది. గడువు తీరేలోపే ఎన్నికలు జరపాలని 74వ రాజ్యాంగ సవరణ చెబుతోంది. అయినా విలీనాలు, వార్డుల పునర్విభజన, కోర్టు వ్యాజ్యాల నడుమ తొమ్మిదేళ్ళు గడిచాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరిని ఊడ్చివేసినప్పుడు గానీ, 2020 మే 7న విషవాయువు వెంకటాపురం వారి ప్రాణాలు తీసినప్పుడు గానీ ఒక్క కార్పొరేటరూ లేడు. అధికారులు, సిబ్బంది రేయింబవళ్ళు పనిచేశారు, కాదనలేం. కానీ బదిలీ అయ్యే అధికారి వేరు, మన వీధిలోనే ఉండి, మళ్ళీ మన ఓటుకు రావలసిన మనిషి వేరు.

ఈలోగా అనకాపల్లి, భీమిలి కూడా మహానగరంలో కలిశాయి. ఒకటిన్నర శతాబ్దాల చరిత్ర గల భీమిలి మునిసిపాలిటీ ఒక జోన్‌గా మిగిలింది. నీటి గొట్టాలకు, మురుగు కాలువలకు ఊళ్ళ సరిహద్దులు పట్టవు కనుక విలీనంలో న్యాయం లేకపోలేదు. అయితే ఊరు పెద్దదైనకొద్దీ మనిషి గోడు వినే చెవి దూరం కాకూడదు.

చివరకు 2021 మార్చిలో 98 వార్డులకు ఎన్నికలు జరిగాయి. నాడు ఓటు వేసిన పడుచువారిలో చాలామందికి కార్పొరేటరును ఎన్నుకోవడం అదే మొదటిసారి.

మిత్రులారా, మన పింఛను ఒక నెల ఆలస్యమైతే సంఘం ద్వారా అడుగుతాం. మన ఊరి ఎన్నిక ఏళ్ళ తరబడి ఆలస్యమైనా అలాగే అడగాలి. తీరిక ఉన్నది మనకే కదా!