బోయలు: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం

కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో పెద్ద సంఖ్యలో ఉన్న కులాల్లో బోయ ఒకటి. వీరిని వాల్మీకులనీ అంటారు. కర్ణాటక సరిహద్దు దాటితే వీరే బేడరు, నాయకులు.

పూర్వం వేట, యుద్ధం వీరి వృత్తులు. పాలెగాళ్ల బలగాల్లోనూ, హైదర్ అలీ కాల్బలంలోనూ బోయలు పేరు మోశారు. ఈ కులం వారి సురపురం సంస్థానం 1705లో వాగినగేరా కోట దగ్గర ఔరంగజేబుకు ఎదురు నిలిచింది. 1800లో ఈ ప్రాంతంతో సహా దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక థామస్ మన్రో సుమారు 80 మంది పాలెగాళ్లను అణచివేశాడు. దాంతో కత్తి పట్టిన కుటుంబాలకు మిగిలింది మెట్ట సేద్యం, తలారి పని, కొందరికి కొలువుకు బదులుగా దక్కే కట్టుబడి ఇనాములు. దక్షిణ భారత కులాల గురించి రాసిన ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వీరిలో ఊరు బోయలు, మ్యాస బోయలు అనే రెండు శాఖలను పేర్కొన్నాడు.

ఎమ్మిగనూరు పట్టణానికి పేరు తెచ్చింది మగ్గం. మాచాని సోమప్ప 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘమే అందుకు కారణం. చుట్టుపక్కల బోయపల్లెల బతుకు మాత్రం వానను నమ్ముకున్నదే. పంట పోయిన ఏడు ఇంటికి తాళం వేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి పోతారు. ఈ వలసను ఇక్కడ ‘సుగ్గి’ అంటారు.

అసలు చిక్కు 1953లో మొదలైంది. బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో కలిశాయి, బళ్లారి మైసూరుకు పోయింది. చుట్టరికాలు తెగలేదు, రిజర్వేషన్ పట్టికలు వేరయ్యాయి. 1991లో కర్ణాటక నాయక, బేడ, వాల్మీకులు షెడ్యూల్డు తెగల్లో చేరారు. ఇవతలి బోయలు బీసీ-ఏలోనే ఉండిపోయారు. బళ్లారి మేనమామ ఎస్టీ, ఆదోని మేనల్లుడు బీసీ!

బోయలను ఎస్టీల్లో చేర్చాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2017లోనూ, 2023లోనూ తీర్మానించింది. తమ వాటా తగ్గుతుందని ఏజెన్సీ గిరిజనులు వ్యతిరేకించారు. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. పట్టిక మార్చే అధికారం పార్లమెంటుదే. ఆ మార్పు చట్టం కాలేదు.