ఏ కేసు పట్టుకోవాలి?

పౌరహక్కుల సంఘం ఏ కేసు పట్టుకుంటుంది, ఏది వదిలేస్తుంది? 1920లో పుట్టిన అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ సంగతే చూద్దాం. పరిణామవాదం బోధించకూడదన్న టెనెసీ చట్టం మీద కోర్టుకెక్కే టీచరు కావాలని 1925లో ఏకంగా పత్రికా ప్రకటనే ఇచ్చింది. అలా దొరికినవాడే స్కోప్స్.

1942లో కేసే ఎదురొచ్చింది. జపాన్ మూలాలున్న లక్షమందికి పైగా జనాన్ని పడమటి తీరం నుంచి శిబిరాలకు తరలిస్తుంటే, వెళ్లకుండా ఉండిపోయిన ఫ్రెడ్ కోరెమాట్సు అరెస్టయ్యాడు. శాన్‌ఫ్రాన్సిస్కో శాఖ నడిపే ఎర్నెస్ట్ బీసిగ్ జైలుకెళ్లి, కేసు వేద్దామా అని అడిగాడు. అంతలో న్యూయార్కులోని జాతీయ బోర్డు, ఆ ఉత్తర్వు మూలాన్నే ప్రశ్నించవద్దని తీర్మానించింది. బోర్డులో రూజ్‌వెల్ట్ అభిమానులు తక్కువేం కాదు మరి! కక్షిదారును మధ్యలో వదలనన్నాడు బీసిగ్. సంస్థ పరువు నిలిపింది ఆ శాఖేనంటాను నేను.

1944లో సుప్రీంకోర్టులో 6–3తో ఓడిపోయారు. కోరెమాట్సు శిక్ష రద్దయింది 1983లో.