లోపలి గోడ కథ

పోయిన వారం మన సభ్యులొకరి మనవడు అమెరికా నుంచి ఫోన్ చేశాడు. "తాతయ్యా, పాత ఎయిర్‌స్ట్రీమ్ బండి కొన్నాను. లోపలి అల్యూమినియం రేకులు పీకేసి ప్లైవుడ్ వేయాలని ఉంది. మీరు రైల్వే కదా, చెప్పండి" అన్నాడు. మేము రైల్వేలో పేనా పట్టినవాళ్లమే గానీ సుత్తి పట్టినవాళ్లం కాము. అయినా అడిగాడు గదా అని చదివాము. తమిళ బడిలో తిరిగిన చేయి, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

కారు వెనక తగిలించుకుని పోయే వెండిరంగు ఇల్లు అది. 1927లో లిండ్‌బర్గ్ అట్లాంటిక్ దాటిన విమానం తయారీ పని చూసుకున్న హాలీ బౌలస్, 1934లో విమానం పద్ధతిలోనే రోడ్ చీఫ్ అనే అల్యూమినియం బండి చేశాడు. వ్యాపారం నిలవలేదు. వాలీ బయామ్ ఆ నమూనా అందుకుని, ముందున్న తలుపును పక్కకు మార్చి, 1936లో క్లిప్పర్ తెచ్చాడు.

బయటి రేకు బిగించేందుకు ఇద్దరు కావాలి. ఒకరు బయట నుంచి రివెట్టు కొడితే, ఇంకొకరు లోపల ఇనప దిమ్మ ఆనించి దాని కాలు నలగ్గొడతారు. లోపలి రేకు మూసేటప్పుడు వెనక మనిషి నిలిచే చోటుండదు. అందుకే ఒక పక్క నుంచే బిగిసే పాప్ రివెట్లు వచ్చాయి. స్క్రూ చాలదా అంటే, పలచటి అల్యూమినియంలో మర ఒకటి రెండు చుట్లే పట్టుతుంది, బండి అదురుకు వదులవుతుంది. ఇనప స్క్రూ అయితే తడి తగిలినచోట అల్యూమినియాన్నే తినేస్తుంది.

మన పెరంబూరు సంగతి వేరు. 1955లో అక్కడ మొదలైన స్విస్ నమూనా రైలుపెట్టెలో బరువంతా వెల్డింగ్ చేసిన ఉక్కు ఒళ్లే మోస్తుంది. లోపలి పలక స్క్రూలతో బిగించిన చొక్కా లాంటిది, విప్పినా పెట్టె పెట్టెగానే ఉంటుంది. యుద్ధం తర్వాతి ఎయిర్‌స్ట్రీమ్‌లో లోపలి రేకు, రిబ్బులు, బయటి రేకు కలిసే బలం. పీకేస్తే గుల్ల ఊగుతుంది. ఇది తెలియక అందం కోసం పీకినవాళ్లున్నారు.

రేకు ఉంచుకో, ప్లైవుడ్ మోజుంటే దానిమీదే పలచగా వేసుకో, రిబ్బు ఉన్నచోటే రివెట్టు కొట్టు అని చెప్పాము. అబ్బాయి ఒప్పుకున్నాడు. వాళ్ల తాతగారే ఇంకా ఒప్పుకోలేదు. రేకు గోడకు దేవుడి పటం ఎట్లా తగిలిస్తాడని ఆయన బాధ.