రేషను పట్టికల్లో రాసిన మరణాలు: బోయర్ యుద్ధ నిర్బంధ శిబిరాలు, 1900–1902

1900 మధ్యకల్లా దక్షిణాఫ్రికాలో డచ్ సంతతి వలసదారులైన బోయర్ల రెండు గణతంత్రాల రాజధానులు బ్రిటిష్ సైన్యం చేతికి చిక్కాయి. యుద్ధం మాత్రం ఆగలేదు. గుర్రాలెక్కిన బోయర్ రైతులు చిన్న చిన్న దళాలుగా విడిపోయి రైలు పట్టాలు పేల్చేవారు, సరుకుల బండ్లు దోచేవారు, మెరుపులా మాయమయ్యేవారు. వాళ్లకు తిండి, గుర్రాలు, శత్రువు ఆచూకీ అందేది పొలాల్లోని ఇళ్ల నుంచే. ఆ ఇళ్లను తగలబెట్టడమే మార్గమని బ్రిటిష్ సేనానులు మొదట లార్డ్ రాబర్ట్స్, ఆ తర్వాత లార్డ్ కిచెనర్ నిర్ణయించారు. యుద్ధం ముగిసేసరికి దాదాపు 30 వేల ఇళ్లు బూడిదయ్యాయి.

ఇళ్లు కాలాక మనుషులు మిగిలారు. 1900 డిసెంబరు 21న కిచెనర్ తన సేనాధిపతులకు పంపిన ఆదేశపత్రం ఈ సంగతిని దాచకుండా చెప్పింది. దళాలు తిరిగే ప్రాంతాల నుంచి స్త్రీలనూ పిల్లలనూ నల్లజాతి నివాసులనూ తరలించడం గెరిల్లా యుద్ధాన్ని అణచడానికి బాగా పనికొచ్చే ఉపాయమన్నది దాని సారం. ఎద్దుబండ్లలోనూ పైకప్పు లేని రైలు పెట్టెల్లోనూ కుటుంబాలను తెచ్చి, రైలు మార్గాల వెంట వేసిన గుడారాల్లో దించారు. లొంగిపోయిన రైతులకు రక్షణ కల్పించడానికే ఈ శిబిరాలని ప్రభుత్వం చెప్పేది. కానీ లోపల ఉన్నవాళ్లలో అత్యధికులు స్త్రీలు, పిల్లలు. బయట తండ్రి ఇంకా పోరాడుతుంటే ఇక్కడ అతని బిడ్డలు బందీలు.

లొంగినవాళ్లు, పోరాడేవాళ్లు అన్న తేడా కంచంలోకి కూడా వచ్చింది. రెండు గణతంత్రాల్లో ఒకటైన ట్రాన్స్‌వాల్ శిబిరాల్లో తొలి రోజుల్లో రెండు రకాల రేషను పట్టికలు ఉండేవి. లొంగిపోయిన వాళ్ల కుటుంబాలకు ఒకటి, మగవాళ్లు ఇంకా యుద్ధంలో ఉన్న కుటుంబాలకు మరొకటి. ఈ రెండో పట్టికలో మాంసం లేదు. లండన్‌లో గగ్గోలు రేగాక 1901 తొలి నెలల్లో ఈ భేదం తీసేశారు గానీ, అందరికీ కలిపి ఇచ్చిన తిండే అరకొర. కూరగాయలు దాదాపు లేవు. సబ్బును విలాస వస్తువుగా లెక్కగట్టారు. తట్టు సోకిన పసివాడికి శుభ్రమైన నీరు, పాలు, వెచ్చని పడక కావాలి. ఆ మూడూ అక్కడ కరువే. తుపాకి పేలకుండా మనుషులు ఎలా చచ్చిపోతారో తెలుసుకోవాలంటే ముందు చదవాల్సింది ఈ పట్టికలనే.

1901 జనవరిలో ఎమిలీ హాబ్‌హౌస్ బ్లూమ్‌ఫాంటైన్ శిబిరంలో అడుగుపెట్టింది. ఆమె కార్న్‌వాల్‌కు చెందిన చర్చి మతాధికారి కూతురు. సహాయ నిధి సమకూర్చుకుని బట్టలు, ఆహారం పట్టుకొచ్చింది. ఒక్కో గుడారంలో ఎంతమంది కిక్కిరిసి ఉన్నారో, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో, జబ్బుపడ్డ పిల్లలు ఎక్కడ పడుకుంటున్నారో ఆమె ఒక్కొక్కటీ రాసిపెట్టుకుంది. ఆమె చూసిన పిల్లల్లో లిజ్జీ వాన్ జైల్ ఒకతె. ఏడేళ్ల ఆ పిల్ల తండ్రి లొంగిపోలేదు. ఎముకల గూడులా మిగిలి, ఆ ఏడాది మే నెలలో శిబిరంలోనే చనిపోయింది. లిజ్జీ ఫొటో బయటికి వచ్చినప్పుడు యుద్ధాన్ని సమర్థించేవారు నేరాన్ని తల్లి నిర్లక్ష్యం మీదికి నెట్టారు. శిబిరాల చరిత్రలో ఇంతకన్నా నీచమైన వాదన దొరకడం కష్టం.

హాబ్‌హౌస్ నివేదిక బ్రిటన్‌ను కుదిపేసింది. జూన్ 14న ప్రతిపక్ష నాయకుడు హెన్రీ కాంప్‌బెల్-బానర్మన్ ఈ యుద్ధ పద్ధతులను అనాగరికమని నిరసించాడు. అక్టోబరులో ఆమె మళ్లీ కేప్‌టౌన్‌కు వస్తే సైన్యం ఓడ దిగనివ్వలేదు. బలవంతంగా మరో ఓడ ఎక్కించి వెనక్కి పంపింది. సరిగ్గా ఆ అక్టోబరులోనే బోయర్ శిబిరాల మరణాలు ఏడాది లెక్కన వెయ్యికి 344కు చేరాయి. తట్టు, న్యుమోనియా, విరేచనాలు, టైఫాయిడ్ పిల్లలను వరుసగా తీసుకుపోయాయి.

ఆ మరణాలు తప్పించలేనివా? కావని తర్వాతి నెలలే రుజువు చేశాయి. మిలిసెంట్ ఫాసెట్ నాయకత్వాన మహిళల కమిషన్ బోయర్ శిబిరాలు తిరిగి తిండి, నీరు, నర్సుల విషయంలో మార్పులు సూచించింది. నవంబరులో దక్షిణాఫ్రికాలోని బ్రిటిష్ హైకమిషనర్ లార్డ్ మిల్నర్ కింద పౌర యంత్రాంగం శిబిరాల బాధ్యత తీసుకుంది. కరువు, ప్లేగు శిబిరాలు నడిపిన అనుభవం ఉన్న అధికారులను భారతదేశం నుంచి రప్పించారు. 1902 ఫిబ్రవరికల్లా మరణాల రేటు 69కి దిగింది. అంటే మార్గం ముందు నుంచీ ఉంది. పట్టించుకోవడమే ఆలస్యమైంది.

భారతదేశపు ఆ అనుభవం తెలుగు పాఠకులకు కొత్తది కాదు. 1876–78 నాటి ధాత కరువులో బళ్ళారి, కర్నూలు, కడప ప్రజలు సహాయ శిబిరాల చుట్టూ తిరిగారు. రోజంతా రాళ్లు కొట్టిన మగవాడికి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని 1877 జనవరిలో భారత ప్రభుత్వ కరువు ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. అది మనిషి బతికే కొలత కాదని మద్రాసు ఆరోగ్య కమిషనర్ కార్నిష్ పోట్లాడాడు. శరీరానికి ఎంత తక్కువ పెడితే సరిపోతుందన్న ఆ లెక్క మన రాయలసీమ మీద ఒకసారి వేసి చూసిందే. 

తెల్లవారి శిబిరాల్లో పరిస్థితి కుదుటపడుతున్నప్పుడు మరో చోట చావులు పెరుగుతూనే ఉన్నాయి. నల్లజాతి వారిని వేరే శిబిరాల్లో ఉంచారు. 1901 జూన్ నుంచి వాటికి కెనడా అధికారి డి లోత్బినియేర్ కింద ప్రత్యేక శాఖ ఉండేది. మగవాళ్లు సైన్యానికి కూలి చేయాలి. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు తమ తిండి తామే పండించుకోవాలి, లేదా కొనుక్కోవాలి. సైన్యంలో పనిచేసే మగవాడున్న కుటుంబానికి ధాన్యం చవక, లేని కుటుంబానికి ప్రియం. ఆకలినే కూలీలను తెచ్చే సాధనంగా వాడుకున్నారన్న మాట. యుద్ధం ముగిసేనాటికి అరవైకి పైగా శిబిరాల్లో లక్షా 15 వేల మంది దాకా ఉన్నారు. 1901 డిసెంబరులో అక్కడి మరణాల రేటు వెయ్యికి 372. ఫాసెట్ కమిషన్ ఆ వైపు వెళ్లలేదు. విచారణ జరపమని ఎబోరిజిన్స్ ప్రొటెక్షన్ సొసైటీ అనే బ్రిటిష్ సంస్థ కోరితే లండన్‌లోని వలసల శాఖ పక్కన పెట్టేసింది.

వీటిని నాజీల సంహార శిబిరాలతో ఒకే గాట కట్టకూడదు. ఇక్కడ చంపడమే లక్ష్యం కాదు. కానీ అది బాధ్యతను తగ్గించదు. మనుషులను వాళ్ల పొలాల నుంచి పెరికి తెచ్చినవాడికి వాళ్లను బతికించే పూచీ ఉంటుంది.

బోయర్ శిబిరాల్లో సుమారు 28 వేల మంది చనిపోయారు, వాళ్లలో అత్యధికులు పదహారేళ్లలోపు పిల్లలు. వాళ్ల స్మారకం 1913లో బ్లూమ్‌ఫాంటైన్‌లో వెలిసింది. హాబ్‌హౌస్ చితాభస్మం కూడా అక్కడే ఉంది. నల్లజాతి శిబిరాలకు మాత్రం చాలాకాలం చరిత్రే లేదు. చరిత్రకారుడు పీటర్ వార్విక్ 1983లో ప్రచురించిన గ్రంథం తర్వాతే వాటి మీద గట్టి పరిశోధన ఊపందుకుంది. అధికారిక నివేదికల్లో 14 వేలకు పైగా మరణాలు కనిపిస్తాయి. పరిశోధకుడు స్టోవెల్ కెస్లర్ శ్మశానాలనూ పాత కాగితాలనూ జల్లెడ పట్టి, అసలు సంఖ్య 20 వేలు దాటుతుందని వాదించాడు. బోయర్ రిజిస్టర్లలో పేరు, వయసు, పొలం, జబ్బు నమోదయ్యాయి. వాటి ఆధారంగా కేప్‌టౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు డేటాబేస్ తయారుచేశారు. నల్లజాతి మృతుల్లో చాలామంది విషయంలో పరిశోధకుడికి దొరికేవి నెలవారీ మొత్తాలే. పేర్లు దొరకవు.