బ్యాక్‌ప్యాకింగ్: తొలి రాత్రి బస

గుడారం, పడక, తిండి, నీళ్లు వీపున మోసుకుంటూ కాలినడకన వెళ్లి, ఆరుబయట కనీసం ఒక రాత్రి గడపడాన్ని బ్యాక్‌ప్యాకింగ్ అంటారు. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే నడకకూ దీనికీ అసలు తేడా బరువులో ఉంది. సంచి బరువు మనిషి బరువులో అయిదో వంతు మించకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క. అంటే 60 కిలోల మనిషికి 12 కిలోలు. కొత్తవారు ఇంకా తక్కువతో మొదలుపెట్టడమే మేలు. బరువైన వస్తువులను సంచి మధ్యలో, వెన్నుకు ఆనేలా సర్దాలి. నడుముపట్టీ బిగిస్తే భారం భుజాల మీద కాక ఎక్కువగా తుంటి మీద పడుతుంది.

చలిని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. ఒంటి వేడిని కదలని గాలికన్నా చల్లటి నేల వేగంగా లాగేస్తుంది. స్లీపింగ్ బ్యాగ్ ఎంత మంచిదైనా కింద మ్యాట్ తప్పనిసరి. తడిసిన నూలు బట్ట త్వరగా ఆరదు, కొండ చలిలో అది ప్రమాదకరం. ఉన్ని, సింథటిక్ దుస్తులు నయం. వాగునీటిని మరిగించే తాగాలి.

ఉత్తరాఖండ్‌లోని సాంక్రీ గ్రామం నుంచి కేదార్‌కంఠ శిఖరానికి (సుమారు 3,800 మీటర్లు) వెళ్లే దారి కొత్తవారికి అనువైనదిగా పేరుపొందింది. జుడా కా తాలాబ్ అనే చెరువు దారిలో ప్రసిద్ధమైన మజిలీ. 3,000 మీటర్లు దాటాక, నిద్రపోయే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి, వికారం ముదిరితే వెంటనే కిందికి దిగడమే మందు. ఇక తెలుగు రాష్ట్రాల్లోని నల్లమల అడవుల పులుల అభయారణ్యాల్లో అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి బస చేయకూడదు.